ఒక్క కుర్రాడు, ఎనిమిది కార్డులు: గ్రిఫీ రూకీ కార్డుల్లో మీకు ఏది?

సియాటెల్ మెరైనర్స్ బేస్‌బాల్ జట్టు మైదానం బయట వాళ్ళ పాత ఆటగాడు కెన్ గ్రిఫీ జూనియర్ కంచు విగ్రహం ఒకటి ఉంది. 2017లో పెట్టారు. పోయిన వేసవిలో ఆట చూడటానికి వెళ్ళినప్పుడు మా వాడు దాని ముందు ఆగి, "నాన్నా, ఈయన రూకీ కార్డు ఎంత ఉంటుంది?" అని అడిగాడు. పదకొండేళ్ళవాడు, బడిలో స్నేహితులతో కార్డులు మార్చుకోవడం వాడికి నిత్యకృత్యం. ఏ ఇరవయ్యో ముప్పయ్యో డాలర్లు ఉంటుందిలే అనుకుని, పుట్టినరోజుకు కొనిపెడతానని మాట ఇచ్చేశాను. ఆ రాత్రి ఫోనులో వెతికితే నాలుగైదు డాలర్ల దగ్గర మొదలై కొన్ని వేల డాలర్ల దాకా కనిపించాయి. అన్నీ 1989వే. అన్నింటి మీదా ఆ పందొమ్మిదేళ్ళ కుర్రాడే.

ఎందుకింత తేడా అని తవ్వుకుంటూ పోతే నాలుగు నెలలు పట్టింది. మధ్యలో రెండు పొరపాట్లు చేశాను, వాటికి డబ్బూ పోయింది. రెడ్మండ్, బెల్వ్యూ, బాతెల్ చుట్టుపక్కల ఉన్న తెలుగువాళ్ళ ఇళ్ళలో ఈ పిచ్చి పిల్లల ద్వారా మెల్లగా పెద్దలకు అంటుకోవడం చూస్తున్నాను కాబట్టి, నేను తెలుసుకున్నది తెలుగులో రాసిపెడుతున్నాను. బిగ్ ఫన్ బబుల్‌గమ్ కొని, గమ్ము పక్కవాడికిచ్చి, లోపలి క్రికెట్ కార్డు వెనకాల ఎన్ని పరుగులున్నాయో చూసుకున్న తరం మనది. ఈ వ్యవహారం మనకు మరీ కొత్తేమీ కాదు.

రూకీ కార్డు అన్నంత మాత్రాన

ఆటగాడు పెద్ద లీగుల్లోకి అడుగుపెట్టే కాలంలో, దేశమంతటా అమ్మే సెట్లలో అతని పేరుతో తొలిసారి వచ్చే కార్డును రూకీ కార్డు అంటారు. ఒక కంపెనీ వేస్తే ఒకటే ఉంటుంది. ఆరు కంపెనీలు వేస్తే ఆరు ఉంటాయి, ఆరూ రూకీ కార్డులే. అందుకే "గ్రిఫీ రూకీ కార్డు ఉంది" అని ఎవరైనా అంటే, "ఏది?" అని అడగాలి. మనలో ఎవరైనా "మాకు హైదరాబాద్‌లో స్థలం ఉంది" అంటే ఎక్కడ అని అడగమూ?

రూకీ అన్న మాటే ధరను నిర్ణయిస్తుందనుకోవడం కూడా తప్పే. బేస్‌బాల్ కార్డుల్లో రికార్డు ధర పలికింది టాప్స్ కంపెనీ 1952లో వేసిన మిక్కీ మాంటిల్ అనే ఆటగాడి కార్డు, 311వ నంబరు. 2022 ఆగస్టులో అలాంటి ఒక కార్డు కోటీ ఇరవై ఆరు లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. అది అతని రూకీ కార్డు కాదు. మాంటిల్ రూకీ కార్డు అంతకు ముందు ఏడాది, 1951లో బోమన్ వేసిన 253వ నంబరు. అయినా జనం మనసు 52 టాప్స్ మీదే. ఆ సెట్టు చివరి విడతలో అమ్ముడుపోక మిగిలిన పెట్టెలను 1960లో పడవెక్కించి అట్లాంటిక్ సముద్రంలో పారబోయించానని ఆ కార్డుల రూపకర్త సై బెర్గర్ స్వయంగా చెప్పాడు. చివరికి మిగిలినవి ఎన్ని, కావాలనేవాళ్ళు ఎందరు, కార్డు ఏ స్థితిలో ఉంది అన్న మూడింటి మధ్య జరిగే బేరమే ధర. గ్రిఫీ కార్డుల్లో ఈ మూడూ ఒక్కో కార్డుకు ఒక్కో రకంగా కలుస్తాయి.

మిగిలినవి ఎన్ని అన్న విషయంలో 1989 చాలా చెడ్డ సంవత్సరం. యాభైల నాటి కార్డులను తల్లులు చెత్తబుట్టలో పడేశారు కాబట్టి అవి అరుదయ్యాయి. ఆ కథలు పత్రికల్లో చదివిన జనం ఎనభైలలో ఒక్క కార్డు కూడా పారేయలేదు. పెట్టెలకు పెట్టెలు కొని అటక మీద పెట్టారు. కంపెనీలు కూడా అడిగినంత అచ్చువేసి ఇచ్చాయి. ఎనభైల రెండో సగం నుంచి తొంభైల మొదటి ఏళ్ళ దాకా సాగిన ఆ ఉత్పత్తికి సేకర్తలు పెట్టుకున్న పేరు 'జంక్ వాక్స్'. చెత్త అని మొహం మీదే అనేశారు. అటక మీద ఆ పెట్టెలు ఈనాటికీ ఉన్నాయి.

ఆ చెత్తలో ఇప్పటికీ ధర నిలబెట్టుకున్న పేరు గ్రిఫీ. 1987లో ఆటగాళ్ళ ఎంపికలో మొట్టమొదట మెరైనర్స్ తీసుకున్నది అతన్నే. 1989 ఏప్రిల్ 3న ఓక్లండ్‌లో తొలి ఆట, డేవ్ స్టూవర్ట్ బౌలింగులో (ఇక్కడ పిచింగ్ అంటారు, క్రికెట్ భాష వదలదు) మొదటిసారి బ్యాటు పట్టినప్పుడే రెండు బేసులు దాటే దెబ్బ. వారం తరవాత సొంత మైదానం కింగ్‌డోమ్‌లో ఎదుర్కొన్న తొలి బంతినే కంచె దాటించాడు. మరుసటి ఏడాది తండ్రి కెన్ గ్రిఫీ సీనియర్ కూడా అదే జట్టులో చేరాడు. 1990 సెప్టెంబరు 14న తండ్రీ కొడుకులు ఒకరి వెంట ఒకరు హోమ్ రన్లు (మన సిక్సర్ల లాంటివి) కొట్టారు. మొత్తం 630 హోమ్ రన్లు, 2016లో హాల్ ఆఫ్ ఫేమ్. 440 ఓట్లలో 437 అతనికే పడ్డాయి.

సేకర్తకు ఇందులో ముఖ్యమైనది ఆ చివరి వాక్యం. గ్రిఫీ ఆట లెక్క ముగిసిపోయింది. ఇప్పుడు ఆడుతున్న కుర్రాడి కార్డు కొంటే, వాడి మోచేయి సాయంత్రం బెణికితే తెల్లారేసరికి ధర సగమవుతుంది. గ్రిఫీ కార్డుకు ఆ భయం లేదు. అలాగే రాత్రికి రాత్రి పదింతలయ్యే ఆశ కూడా పెట్టుకోకూడదు.

అప్పర్ డెక్, నంబరు 1

గ్రిఫీ రూకీ అనగానే ఎవరి కళ్ళముందైనా కదిలేది ఇదే. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి.

అప్పర్ డెక్ అనే కొత్త కంపెనీ 1989లో వేసిన మొదటి సెట్టు ఇది. అప్పట్లో నకిలీ కార్డుల బెడద ఎక్కువగా ఉండేది. నకిలీ చేయలేని కార్డు తేవాలన్న పట్టుదలతో మొదలైన కంపెనీ కాబట్టి ప్రతి కార్డు వెనకాల చిన్న హోలోగ్రామ్ అంటించారు. తెల్లటి మంచి అట్ట, రెండు వైపులా రంగుల ఫొటో, మైనం కాగితానికి బదులు తెరిస్తే తెలిసిపోయే రేకు ప్యాకెట్టు. మిగతావాళ్ళ ప్యాకెట్లు దాదాపు సగం ధరకు దొరుకుతుంటే వీళ్ళు ఒక డాలరుకు ఒక సెంటు తక్కువ పెట్టారు. అంత డబ్బు ఎవరు పెడతారని నవ్వినవాళ్ళున్నారు.

సెట్టులో మొదటి నంబరు ఎవరికివ్వాలన్న నిర్ణయంలో టామ్ గైడ్‌మన్ అనే కాలేజీ కుర్రాడి మాట చెల్లింది. కార్డులంటే ప్రాణం పెట్టే ఆ ఉద్యోగి గ్రిఫీ పేరు చెప్పాడు. అప్పటికి గ్రిఫీ పెద్ద లీగులో ఒక్క ఆట కూడా ఆడలేదు. ఆ చలికాలం దుకాణాల్లో అందరూ ఎగబడి కొంటున్నది న్యూయార్క్ మెట్స్ కుర్రాడు గ్రెగ్ జెఫరీస్ కార్డులు. ఇప్పుడు జెఫరీస్ కార్డులు ఎవరైనా ఊరికే ఇస్తానన్నా తపాలా ఖర్చు దండగ. ఆనాడు నేనే ఉండి ఉంటే జెఫరీస్‌నే కొనేవాణ్ణని ఒప్పుకోవాలి.

కార్డు మీది ఫొటోలో ఒక తమాషా ఉంది. మెరైనర్స్ దుస్తుల్లో గ్రిఫీ ఫొటో అప్పర్ డెక్ దగ్గర లేదు. వీళ్ళ దగ్గరున్నది కింది స్థాయి జట్టు శాన్ బెర్నార్డినో స్పిరిట్ టోపీతో తీసిన ఫొటో. దాని రంగులు మార్చి, టోపీ మీది అక్షరం సవరించి మెరైనర్స్ టోపీగా చేశారు. ఫొటోషాప్ లేని రోజుల పని. భూతద్దం పెట్టి చూస్తే టోపీ మరీ నున్నగా, నీలం కాస్త అతిగా కనిపిస్తుంది. భుజం మీద బ్యాటు, మెడలో గొలుసు, లోకం తనదే అన్నట్టు నవ్వు. ఈ కార్డును అమ్మిపెట్టింది ఆ నవ్వే అని నా నమ్మకం.

ఇది అరుదైన కార్డు కాదు. కార్డు స్థితి చూసి 1 నుంచి 10 వరకు గ్రేడు వేసే సంస్థ పీఎస్ఏ చేతుల మీదుగా అత్యధికంగా వెళ్ళిన కార్డుల్లో ఇదొకటి. ఏ రోజు వెతికినా వందల సంఖ్యలో అమ్మకానికి ఉంటుంది. అయినా ధర పడిపోదు, ఎందుకంటే వందల సంఖ్యలో కొనేవాళ్ళూ ఉంటారు. చిన్నప్పుడు కొనలేక, ఇప్పుడు నలభై అయిదేళ్ళు దాటి జీతాలు పెరిగిన అమెరికన్ మగాళ్ళందరికీ ఇది కావాలి. మరో కారణం అచ్చులో ఉంది. ఒకటో నంబరు కాబట్టి పెద్ద షీటు మూలలో పడింది. మూలలో ఉన్న కార్డుకు దెబ్బలు ఎక్కువ, కోత వంకర పోయే అవకాశమూ ఎక్కువ. గ్రేడింగుకు పంపినవాటిలో నూటికి అయిదు కూడా 10 తెచ్చుకోవు.

ఆ తేడా జేబులో ఎలా తెలుస్తుందంటే, గ్రేడు చేయని శుభ్రమైన కార్డు పదుల డాలర్లలో దొరుకుతుంది. 8 గ్రేడు దానికంటే కొంచెం పైన. 9కి వెళ్తే మరో మెట్టు. 10 అయితే వెయ్యి డాలర్లు దాటుతుంది. 9కీ 10కీ మధ్య తేడా ఏమిటని నేను రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశాను. ఒకదానికి ఎడమ అంచు తెలుపు కుడి అంచుకంటే వెంట్రుకవాసి ఎక్కువ. అంతే. ఆ వెంట్రుకకు వెయ్యి పెట్టడమా మానడమా అన్నది ఎవరి జేబు వాళ్ళది.

టాప్స్ ట్రేడెడ్, దాని సోదరుడు టిఫనీ

ఇక్కడే నా మొదటి పొరపాటు. అప్పట్లో బేస్‌బాల్ కార్డులంటే టాప్స్. కాబట్టి 1989 టాప్స్ పూర్తి సెట్టు, 792 కార్డులు, కొనేస్తే గ్రిఫీ ఎలాగూ ఉంటాడు, మిగతావి లాభం అనుకున్నాను. పెట్టె వచ్చింది. నేనూ మా వాడూ హాల్లో తివాచీ మీద కూర్చుని వరసగా పేర్చాం. రాత్రి పదకొండింటికి 792వ కార్డు కూడా కింద పెట్టాక తెలిసింది, అందులో గ్రిఫీ లేడు. ఆ ఏడాది టాప్స్ అతన్ని ప్రధాన సెట్టులో వేయలేదు. తరవాత విడిగా అట్టపెట్టెలో వచ్చిన 132 కార్డుల 'ట్రేడెడ్' సెట్టులో 41టి నంబరుగా వేసింది. అమ్మినవాణ్ణి అనడానికి లేదు, అతను గ్రిఫీ ఉన్నాడని ఎక్కడా చెప్పలేదు. మీరు కొనేటప్పుడు నంబరు చివర 'టి' ఉందా లేదా చూసుకోండి.

మామూలు ట్రేడెడ్ కార్డు చవక.  తగినన్ని ఉన్నాయి, ధర తక్కువ, తొందరపడాల్సిన పని లేదు.

టిఫనీ సంగతి వేరు. అదే ఫొటో, అదే నంబరు, కానీ నిగనిగలాడే పూతతో వేసి, మొత్తం సెట్టుగా మాత్రమే అమ్మారు. మామూలువి లక్షల్లో అచ్చయితే ఇవి వేలల్లోనే వచ్చాయి. అప్పర్ డెక్ పేరున్న కార్డయితే, టిఫనీ నిజంగా తక్కువగా ఉన్న కార్డు. దీన్ని గుర్తించాల్సింది ఆ మెరుపుతోనే, కానీ తెరమీది ఫొటోలో మెరుపు ఎవరికీ తెలియదు.    మామూలుదానికి టిఫనీ అని పేరు పెట్టి అమ్మేవాళ్ళు తగులుతారు, కొందరు తెలియక, కొందరు బాగా తెలిసి. అందుకే టిఫనీని మాత్రం గ్రేడు చేసి, చీటీ మీద ఆ పేరు రాసి ఉన్నదే కొనాలని నా సలహా. గ్రేడు చేయనిదాన్ని చేత్తో పట్టుకుని చూడగలిగితే తప్ప ముట్టుకోవద్దు.

బోమన్: జేబులో పట్టని కార్డు

బోమన్ పేరును టాప్స్ యాభైలలోనే కొనేసి మూలన పడేసింది. 1989లో దుమ్ము దులిపి బయటికి తీసింది. పాత జ్ఞాపకం కోసమని కార్డును మామూలుకంటే పొడుగు చేసింది: వెడల్పు రెండున్నర అంగుళాలే, ఎత్తు మాత్రం మూడు ముప్పావు. గ్రిఫీది 220వ నంబరు.

పావు అంగుళమే కదా అనిపిస్తుంది. మామూలు ప్లాస్టిక్ తొడుగులో పెడితే ఆ పావు అంగుళం పైకి తేలి ఉంటుంది. ముప్పై ఏళ్ళుగా పిల్లలు ఈ కార్డులను మామూలు ఆల్బముల్లో దోపి, పై మూలలు నలగ్గొట్టారు. అందుకే మూలలు పదునుగా ఉన్న బోమన్ కనబడితే ఒకసారి ఆగి చూడొచ్చు. దీనికీ టిఫనీ రకం ఉంది, అది కూడా కొద్ది వేలే. కొనేముందు పొడుగు కార్డులకు సరిపడే తొడుగులు ఇంట్లో ఉన్నాయో లేదో చూసుకోండి. కార్డు వచ్చాక వెతుక్కుంటే, ఆ నాలుగు రోజులూ అది పుస్తకాల మధ్య పడుకోవాలి.

డాన్‌రస్, ఫ్లీర్, స్కోర్

మూడింటినీ ఒకే గుక్కలో చెప్పేయవచ్చు. డాన్‌రస్ 33వ నంబరు, ఫ్లీర్ 548, స్కోర్ వాళ్ళ విడి సెట్టులో 100టి. మూడూ విపరీతంగా ఉన్నాయి, మూడూ కాఫీ ఖర్చులో వస్తాయి.

డాన్‌రస్ మీద 'రేటెడ్ రూకీ' ముద్ర ఉంటుంది. ఆ ముద్రకు సేకర్తల్లో ప్రత్యేకమైన మమకారం. రంగురంగుల అంచులు కాబట్టి కాస్త తగిలినా తెల్లటి అట్ట బయటపడి పెచ్చులూడిన గోడలా కనిపిస్తుంది. ఇదే కంపెనీ అదే ఏడాది 'ది రూకీస్' అని విడి పెట్టె కూడా అమ్మింది, అందులో గ్రిఫీది 3వ నంబరు. రెండింటినీ కలిపి గందరగోళపడొద్దు.

ఫ్లీర్ సెట్టుకు ఆ ఏడాది పేరు రావడానికి గ్రిఫీ కారణం కాదు. బిల్లీ రిప్కెన్ అనే ఆటగాడి కార్డులో బ్యాటు పిడి చివర రాసి ఉన్న బూతుమాట అచ్చులో అలాగే వెళ్ళిపోయింది. జనం అది దొరుకుతుందేమోనని ఫ్లీర్ పెట్టెలు విప్పారు. ఆ తప్పును చెరిపేందుకు కంపెనీ పడ్డ పాట్లు, వాటివల్ల వచ్చిన రకరకాల కార్డులు సేకరించేవాళ్ళు ఈనాటికీ ఉన్నారు. మనకు అనవసరం, కానీ ఎవరైనా 1989 ఫ్లీర్ పెట్టె గురించి అంత ఉత్సాహంగా ఎందుకు మాట్లాడుతున్నారో తెలియడానికి చెప్పాను.

ఇవి కాక 1987 నాటి బెల్లింగ్‌హామ్ మెరైనర్స్ కార్డు ఒకటుంది. గ్రిఫీ కింది స్థాయి జట్టులో మొదట ఆడిన ఊరది, మా ఇంటి నుంచి ఉత్తరంగా గంటన్నర ప్రయాణం. రూకీ కార్డు నిర్వచనంలోకి రాదు, రూకీ కంటే ముందుది. వాషింగ్టన్ రాష్ట్రంలో ఉండి, అందరి దగ్గరా ఉన్నది వద్దనుకునేవాళ్ళు దాని వైపు చూడవచ్చు.

గ్రేడు చేసిందా, చేయనిదా

కార్డును గ్రేడింగ్ సంస్థకు పంపితే, మధ్యగా ఉందా, మూలలు, అంచులు, ఉపరితలం ఎలా ఉన్నాయని చూసి, 1 నుంచి 10 వరకు అంకె వేసి, తెరవడానికి వీల్లేని గట్టి ప్లాస్టిక్ పెట్టెలో మూసి పంపుతారు. ఆ పెట్టెను స్లాబ్ అంటారు. పీఎస్ఏ, బెకెట్, ఎస్‌జీసీ ఈ మూడు పేర్లే ఎక్కువగా వినిపిస్తాయి. తిరిగి అమ్మే ఉద్దేశం ఉంటే పీఎస్ఏకే గిరాకీ ఎక్కువ. అదే స్థితిలో ఉన్న కార్డు ఎస్‌జీసీ స్లాబులో తరచు తక్కువకు వస్తుంది. ఇంట్లో పెట్టుకోవడానికైతే అదే మంచి బేరం.

నా రెండో పొరపాటు ఇక్కడిది. గ్రేడు చేయని అప్పర్ డెక్ ఒకటి "అత్యుత్తమ స్థితి" అని రాసి ఉంటే, పదికి పది వస్తుందన్న దురాశతో మామూలు ధరకంటే ఎక్కువ పెట్టి కొన్నాను. అమ్మిన వ్యక్తి పెట్టిన ఫొటోలో కార్డు దళసరి ప్లాస్టిక్ తొడుగులో ఉంది. ఇంటికొచ్చాక బయటికి తీసి, దీపం కింద ఏటవాలుగా పట్టుకుని చూస్తే కింద ఎడమ మూల మెత్తబడి ఉంది. తొడుగు అంచు మీద పడ్డ వెలుగు ఆ మూలను చక్కగా కప్పేసింది. అప్పుడు స్కేలు తీసి అంచులు కొలిచాను. ఒక వైపు తెలుపు రెండో వైపుకు దాదాపు రెట్టింపు. 10 రావాలంటే ముందు వైపు 55కు 45 నిష్పత్తికి దగ్గరగా ఉండాలి. నాది 65కు 35. గ్రేడింగుకు పంపి ఉంటే ఇరవై డాలర్ల పైచిలుకు రుసుము, కొన్ని వారాల ఎదురుచూపు, చివరికి ఏ 7తోనో తిరిగొచ్చేది.

అప్పటినుంచి ఒక నియమం పెట్టుకున్నాను. గ్రేడు చేయని కార్డు కొంటే, అది ఎప్పటికీ గ్రేడు కాదనుకునే ధరకే కొనడం. 10 వస్తుందన్న ఆశకు విడిగా డబ్బు కట్టకూడదు. నిజంగా 10 వచ్చే కార్డయితే, ముప్పయ్యేళ్ళుగా ఈ వ్యాపారంలో ఉన్న అమ్మకందారు దాన్ని తానే పంపి ఉండేవాడు కదా!

అలాగే మూసి ఉన్న పాత ప్యాకెట్లు. అప్పర్ డెక్ ప్యాకెట్టు విప్పి గ్రిఫీని పట్టాలన్న కోరిక అందరికీ కలుగుతుంది, మా వాడికి మరీను. ఆ సెట్టులో 700 కార్డులు, తరవాత చేర్చిన మరో వంద. ప్యాకెట్టుకు 15. లెక్క మీరే వేసుకోండి. పైగా విప్పి, మంచివి తీసేసి, మళ్ళీ అంటించిన ప్యాకెట్లు బజారులో తిరుగుతుంటాయి. వినోదానికి ఒకటి విప్పండి, పెట్టుబడి అనుకుని పెట్టె కొనకండి.

నకిలీల విషయం కూడా. హోలోగ్రామ్ ఉన్నా అప్పర్ డెక్ గ్రిఫీకి నకిలీలు వచ్చాయి. పదింతలు పెద్దదిగా చూపే చిన్న భూతద్దం కొనుక్కోండి. అసలు కార్డులో పేరు అక్షరాల గీత నిండుగా, తెగకుండా ఉంటుంది. తిరిగి స్కాన్ చేసి అచ్చువేసినదానిలో అక్షరాల అంచులు కూడా రంగు చుక్కలుగా విడిపోతాయి. చేతిలో అదే సెట్టులోని పది సెంట్ల కార్డు మరొకటి పెట్టుకుని పోల్చడం అన్నింటికంటే తేలిక. స్లాబు కొంటే, దాని మీది నంబరును ఆ సంస్థ వెబ్‌సైటులో కొట్టి, అక్కడి వివరాలూ చేతిలో ఉన్నదీ ఒకటేనా చూడండి. స్లాబులకు కూడా నకిలీలున్నాయి.

మరి ఏది కొనాలి?

ఇంట్లో పిల్లవాడు తాకి, చూసి, స్నేహితుడికి చూపించుకునే కార్డయితే డాన్‌రస్. రెండో ఆలోచన అక్కర్లేదు. మూల నలిగితే ఒక కాఫీ పోయిందనుకోవచ్చు. ఫ్లీర్ కూడా అంతే, కానీ 'రేటెడ్ రూకీ' ముద్రకు పిల్లల్లో విలువ ఎక్కువని మా వాడు ఘంటాపథంగా చెప్పాడు.

ఒకే ఒక్క గ్రిఫీ కార్డు జీవితాంతం ఉంచుకోవాలంటే అప్పర్ డెక్ 8 గ్రేడు. 9 కాదా అంటే, అరచేయి దూరం నుంచి ఎవరూ ఆ రెండింటినీ వేరుచేయలేరు, కానీ ధర తేడా బాగానే ఉంటుంది. ఆ మిగిలిన డబ్బుతో డాన్‌రస్, బోమన్ రెండూ వచ్చేస్తాయి. 8 కొనేటప్పుడు అంకె చూసి ఊరుకోకుండా ఫొటో చూడండి. కొన్ని 8లు మధ్యగా ఉండి ఒక మూల కాస్త అరిగినవి. మరికొన్ని మూలలు పదునుగా ఉండి ఒక పక్కకు వాలినవి. గోడ మీద పెట్టుకుంటే మొదటి రకమే కంటికి బాగుంటుంది.

డబ్బు కొంచెం ఎక్కువ పెట్టగలిగి, పదేళ్ళ తరవాత అమ్మాలన్న ఆలోచన కూడా ఉంటే, అప్పర్ డెక్ 10కీ టిఫనీ మంచి గ్రేడుకీ మధ్య ఆలోచించాలి. ఇందులో నాకూ పూర్తిగా తేలలేదు. అప్పర్ డెక్ 10 ఏ రోజు పెట్టినా అమ్ముడుపోతుంది, దాని ధర అందరికీ తెలుసు. కానీ అలాంటి 10లు ఇప్పటికే వేలల్లో ఉన్నాయి, అటకల మీది నుంచి ఇంకా దిగుతూనే ఉంటాయి. టిఫనీలు ఇక పెరగవు. అయితే వాటిని కోరేవాళ్ళు తక్కువ, అమ్మాలంటే సరైనవాడు వచ్చేదాకా కూర్చోవాలి. తొందరగా డబ్బు అవసరపడే ఇల్లయితే మొదటిది. ఓపిక ఉంటే రెండోది. నా మొగ్గు టిఫనీ వైపు. 2020, 2021లలో అందరూ ఇళ్ళలో కూర్చుని కార్డుల మీద పడ్డప్పుడు అప్పర్ డెక్ 10 ధర ఎలా ఎగిరిందో, తరవాత ఎలా జారిందో చూశాక వచ్చిన మొగ్గు అది.

ధర తెలుసుకోవడానికి అమ్మకందారు అడిగే ధర చూడొద్దు. ఇక్కడ అడిగే ధర మన దగ్గర చీరల దుకాణంలో మొదట చెప్పే ధరలాంటిది. ఈబేలో అమ్ముడైనవి మాత్రమే చూపించమని ఎంచుకుని, అదే కార్డు, అదే గ్రేడు, గత నెలా రెండు నెలల్లో ఎంతకు పోయిందో చూడండి. అమ్మే రోజున వెబ్‌సైటు తీసుకునే వాటా, తపాలా, ఏడాది దాటి ఉంచుకుని లాభానికి అమ్మితే సేకరణ వస్తువుల మీద అమెరికాలో 28 శాతం దాకా పడగల పన్ను, ఇవన్నీ కలుపుకోండి. కలిపాక చాలా లాభాలు మాయమవుతాయి.

నేను చివరికి రెండు కొన్నాను. మా వాడికి డాన్‌రస్, మెత్తటి తొడుగులో. నాకు అప్పర్ డెక్ 8, రాసుకునే బల్ల మీద, కిటికీ ఎండ తగలని వైపు. మెత్తబడ్డ మూలతో వచ్చిన కార్డు కూడా ఉంది. దాన్ని అమ్మేద్దామంటే వాడు ఒప్పుకోవడం లేదు. 792 టాప్స్ కార్డులు గ్యారేజీలో ఉన్నాయి, ఎవరికైనా కావాలంటే చెప్పండి.

పుట్టినరోజు మర్నాడు పొద్దున్నే వాడు డాన్‌రస్ కార్డు చేత్తో పట్టుకునే వచ్చి, "ఇచిరో రూకీ కార్డు కూడా ఉంటుందిగా నాన్నా?" అన్నాడు. ఉంటుంది. ఇచిరో కూడా మెరైనర్స్ ఆటగాడే, అతని కార్డు 2001లోది. ఎన్ని రకాలున్నాయో చూద్దామని మొదలుపెట్టాను. బోమన్ క్రోమ్ ఒక్కదానిలోనే రెండు: ఒకటి ఇంగ్లీషు అక్షరాలతో, ఒకటి జపనీస్ అక్షరాలతో.